అమ్మానాన్నలతో అకితా అడవిలో ఆన్సెన్: త్సురునోయు చూడండి, బస మాత్రం వేరేచోట

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అక్టోబరులో భార్య, అమ్మానాన్నలతో రెండు వారాలు జపాన్ వస్తున్నారు. టోక్యో, క్యోటో గోలకు దూరంగా కొండల్లో, అడవి మధ్య ఉన్న వేడినీటి బుగ్గ దగ్గర రెండు రాత్రులు గడపాలని ఉంది. న్యూతో అనే ఆన్సెన్ (వేడినీటి బుగ్గల చోటు)లో ఉన్న త్సురునోయు సత్రం ఫొటోలు చూసి మనసు పడ్డారు. కానీ అమ్మగారు శాకాహారి, నాన్నగారికి బీపీ, ఒంటిమీద నూలుపోగు లేకుండా నలుగురిలో స్నానం అనేసరికి ఇంట్లో అందరూ అడ్డం తిరిగారు. వెళ్లాలా, మానాలా?

వెళ్లండి. త్సురునోయులో గది దొరకలేదని మాత్రం దిగులు పడొద్దు. దొరికినా మీ ఇంటి సంగతి విన్నాక వద్దనే అంటాను. పగటిపూట వెళ్లి చూసి, మునిగి రండి. రాత్రి బస పక్కనే ఉన్న ఇంకో సత్రంలో పెట్టుకోండి. నేను సెందాయ్‌లో ఉంటాను. ఊరి నుంచి చుట్టాలొస్తే ఈ కొండలకు తీసుకెళ్లేది నేనే కాబట్టి, మనవాళ్లకు ఎక్కడ ఇబ్బందవుతుందో బాగా తెలుసు.

న్యూతో అంటే ఒక హోటల్ కాదు. అకితా రాష్ట్రం సెంబొకులో, 1,478 మీటర్ల ఎత్తున్న న్యూతో కొండ కింద, బునా (బీచ్) చెట్ల అడవిలో విడివిడిగా ఉన్న ఏడు సత్రాలు. త్సురునోయు, తాయెనోయు, కురోయు, గనిబా, మగొరొకు, ఓగమా, క్యూకామురా. అదంతా తోవాదా-హచిమంతాయ్ జాతీయ పార్కు పరిధి. బజారు లేదు, వీధి దీపాల వరస లేదు. కొండ మీద కన్వీనియెన్స్ స్టోర్ కూడా లేదు కాబట్టి బిస్కెట్ ప్యాకెట్ కావాలన్నా తాజావాకో స్టేషన్ దగ్గరే కొనుక్కుని బస్సెక్కాలి.

ఏడింటి నీళ్లూ ఒకటి కాదు. త్సురునోయులో యాభై మీటర్ల వ్యాసార్థంలోనే నాలుగు ఊటలున్నాయి, నాలుగింటి గుణమూ వేరు. ఫొటోల్లో మీరు చూసిన పాలలాంటి తెల్లటి గుండం అక్కడిదే. అడుగున పరిచిన గులకరాళ్ల సందుల్లోంచి నీరు నేరుగా ఊరుతుంది. కూర్చున్నచోట కాళ్ల కింద ఉన్నట్టుండి వెచ్చని బుడగలు తగులుతాయి, కాస్త పక్కకు జరిగితే ఇంకోచోట నుంచి వస్తాయి. తాయెనోయులో ఇనుము కలిసిన తుప్పు రంగు నీళ్లు, వాటి పక్కనే తేట నీళ్లు, ఎదురుగా ఏరు. మగొరొకు నీళ్లకు రంగూ వాసనా దాదాపు ఉండవు. ఓగమా సత్రం ఒకప్పటి చెక్క బడి. ఆ భవనాన్ని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఆ పొడుగాటి వరండాలో నడుస్తుంటే గంట కొడతారేమో అనిపిస్తుంది. కురోయు చలికాలం మూసేస్తారు గానీ మీ అక్టోబరుకు ఆ బాధ లేదు.

త్సురునోయుకు అంత పేరెందుకంటే, ఏడింటిలో పాతది అదే. 1638లో అకితా ప్రభువు సతాకే యోషితాకా వైద్య స్నానాలకు అక్కడికి వచ్చాడు. ఆయన కాపలా భటులు దిగిన పొడుగాటి గడ్డికప్పు ఇంటిని 'హోన్జిన్' అంటారు. ఇప్పటికీ అందులో గదులిస్తున్నారు. గది మధ్యలో నిప్పుల గుంట, దాని చుట్టూ ఉప్పు రాసి పుల్లలకు గుచ్చిన చేపలు కాలుతుంటాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. మీ అమ్మగారి సంగతి ఆలోచించండి. రాత్రంతా చేప వాసన నిండిన గదిలో, నేలమీద పరుపు, అర్ధరాత్రి లేస్తే కొన్ని గదులకు బాత్రూమ్ బయట. పైగా అక్టోబరులో ఆకులు రంగు తిరిగే రోజులకు ఆ గదుల కోసం జపాన్‌వాళ్లే నెలల ముందు నుంచి పోటీ పడతారు.

నా ఓటు క్యూకామురాకు. జాతీయ పార్కుల్లో వసతి గృహాలు నడిపే సంస్థది. భవనం కొత్తకాలందే, ఫొటోలో గొప్పగా ఏమీ కనిపించదు. అందుకే చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. బస్సు దాని ముందే ఆగుతుంది. మంచాలున్న గదులున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నేల పరుపు మీద నుంచి లేవడమే పెద్ద పని, అది తప్పుతుంది. భోజనం బఫే కాబట్టి అమ్మగారు తినగలిగేది ఎంతోకొంత ఏరుకోవచ్చు. స్నానశాలలు ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు, రెండు రకాల ఊటల నీళ్లొస్తాయి. తలుపు తీస్తే అడవే. మీరు అడిగిన ప్రశాంతత గడ్డికప్పులో లేదు, ఆ చెట్లలో ఉంది. అది ఏ సత్రంలో ఉన్నా దొరుకుతుంది.

న్యూతోలో బస చేసినవాళ్లకు మాత్రమే అమ్మే 'యుమెగురి-చో' అనే చిన్న పుస్తకం ఒకటుంది. అది ఉంటే ఏడు సత్రాల్లోనూ మునగొచ్చు, వాటి మధ్య తిరిగే వ్యాను కూడా ఎక్కొచ్చు. ఉదయం టిఫిన్ అయ్యాక త్సురునోయు, మధ్యాహ్నం తాయెనోయు, అంతే. ఏడూ ఒకే రోజు చుట్టేద్దామని చూడకండి. జపాన్‌వాళ్లు దాన్ని 'యు-అతారి' అంటారు, నీళ్లు ఎక్కువై ఒళ్లు తూలిపోవడం. ఊరంతా తిరగడం కంటే వేడి నీళ్లలో ఊరికే కూర్చోవడమే ఎక్కువ అలసట తెస్తుంది. త్సురునోయు బయటి గుండాన్ని సోమవారాలు శుభ్రం చేస్తారు, ఆ రోజు తప్పించుకోండి. బయటివాళ్లను పగటిపూటే, మధ్యాహ్నం మూడింటి వరకే రానిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, బట్టల్లేకుండా స్నానం. మనవాళ్లు భయపడేది ఒకటి, అక్కడ జరిగేది ఒకటి. మామూలుగా ఆడవాళ్లకు, మగవాళ్లకు తలుపులు వేరు, గుండాలు వేరు. త్సురునోయు తెల్ల గుండం లాంటివి కొన్ని మాత్రమే ఉమ్మడివి. అక్కడా ఆడవాళ్లకు విడిగా బయటి గుండం ఉంది, మీ భార్య, అమ్మగారు ఉమ్మడి దాని జోలికే పోనక్కర్లేదు. ఆడవాళ్ల వైపు ఎలా ఉంటుందంటే, ముందు బట్టలు మార్చుకునే గది, అల్మారాల్లో వెదురు బుట్టలు. బట్టలన్నీ బుట్టలో పెట్టి, చేతిలో ఒక చిన్న తువ్వాలు పట్టుకుని లోపలికి వెళ్తారు. గోడ వారగా చిన్న చిన్న పీటలు, ఒక్కోదాని ముందు కుళాయి, చెంబు లాంటి చిన్న బకెట్. ఆ పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా రుద్దుకుని, నురగ మొత్తం పోయేదాకా కడుక్కోవాలి. తలకు కొబ్బరి నూనె రాసుకునే అలవాటుంటే షాంపూతో నూనె పూర్తిగా వదిలించాలి, జుట్టు పైకి ముడేసుకోవాలి. ఆ తర్వాతే నీళ్లలోకి. తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిమీద పెట్టుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి ధ్యాసలో వాళ్లుంటారు, ఎవరూ ఎవరినీ చూడరు. మొదటి ఐదు నిమిషాలు సిగ్గు ప్రాణం తీస్తుంది. ఆ తర్వాత మనవైపు ఆడవాళ్లే బయటికి రమ్మన్నా రారు.

ఇంత చెప్పినా అమ్మగారు ససేమిరా అంటే బలవంతం చేయకండి. రెండు దారులున్నాయి. ఒకటి 'కాషికిరి', అంటే గంట చొప్పున కుటుంబానికి విడిగా ఇచ్చే తాళం వేసుకునే గుండం. ఏ సత్రంలో ఉందో, ముందే బుక్ చేసుకోవాలో బస ఖాయం చేసేటప్పుడే అడగండి. రెండోది, పాదాల వరకే ముంచుకుని కూర్చునే చోటు, 'అషియు' అంటారు. అన్నిచోట్లా ఉండదు, అదీ అడిగి తెలుసుకోండి. ఈత దుస్తులు మాత్రం బ్యాగులోంచి తీయొద్దు, చాలాచోట్ల ఒప్పుకోరు.

జంధ్యం, మొలతాడు తీయాలా అని నాన్నగారు అడుగుతారు. నూలువైతే అవసరం లేదు, ఎవరూ ఏమీ అనరు. పచ్చబొట్టు ఉంటే ఆలోచించాలి. మన అమ్మమ్మలకు చేతిమీద ఉండే చిన్న పచ్చబొట్టు కూడా అక్కడివాళ్ల లెక్కలో టాటూనే. కొన్నిచోట్ల పట్టించుకోరు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. మందుల షాపులో చర్మం రంగు అతుకులు దొరుకుతాయి, అంటించుకుంటే సరి.

ఎవరూ చెప్పనిది వెండి గురించి. గంధకం నీళ్లలో వెండి నల్లబడుతుంది. ముందు గోధుమ రంగు తిరిగి, ఆ తర్వాత బొగ్గులా అవుతుంది. మీ భార్య, అమ్మగారి మెట్టెలు, పట్టీలు వెండివే కదా. పట్టీలు గదిలో తీసి పెట్టండి. మెట్టెలు ఏళ్ల తరబడి తీయనివాళ్లు మొదటిరోజు రాత్రి వాటిని చూసి అపశకునం అనుకుంటారు. ముందే చెప్పి ఉంచండి. తీయడం ఇష్టం లేకపోతే వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టుకుంటే కొంత నయం. నల్లబడినా పాడయినట్టు కాదు. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా వేసి, మరిగే నీళ్లు పోసి మెట్టెలు రేకుకు తగిలేలా వేస్తే ఆ నలుపు వెండిని వదిలి రేకుకు పడుతుంది. బంగారం నగలైనా గదిలో వదిలి వెళ్లడమే మంచిది. అన్నట్టు, గంధకం వాసన బట్టలకు రెండు రోజులు పట్టి ఉంటుంది. ఉడికిన గుడ్డు వాసన పడని శాకాహారులు ముక్కు మూసుకోక తప్పదు!

నాన్నగారి బీపీ. ప్రయాణానికి ముందు డాక్టర్‌ను కలవండి, అందులో రాజీ లేదు. అక్కడ ప్రమాదమంతా వేడి నీళ్లలోనే లేదు, చలి గదిలో బట్టలు విప్పి ఒక్కసారిగా వేడిలోకి దిగడంలో ఉంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, వేడికి అవి విప్పారి ఒక్కసారిగా పడిపోతుంది. జపాన్‌లో చలికాలం ముసలివాళ్లు స్నానాల గదుల్లో పోవడానికి ఇదో పెద్ద కారణం. వాళ్లు దీన్ని 'హీట్ షాక్' అంటారు. అందుకని దిగేముందు చెంబుతో పాదాల నుంచి మొదలుపెట్టి మోకాళ్లు, నడుము, భుజాలు ఇలా నీళ్లు పోసుకోవాలి. మెడ దాకా కాకుండా ఛాతీ కింద వరకే మునగాలి. ఐదు నిమిషాలు, మహా అయితే పది. లేచేటప్పుడు గట్టు పట్టుకుని నెమ్మదిగా లేవాలి. భోజనం అయిన వెంటనే వద్దు, బీరు తాగాక అసలు వద్దు. తెల్లవారుజామున బాగుంటుందని ఒంటరిగా వెళ్లనివ్వకండి, మీరూ తోడు వెళ్లండి. రాళ్ల మీద పాచి ఉంటుంది, జారుతుంది. బద్రీనాథ్ తప్తకుండంలో మునిగి ఏమీ కాలేదు కదా అని నాన్నగారు అంటే, అక్కడ గబగబా మునకలేసి వచ్చేస్తాం, ఇక్కడ కూర్చుంటాం అని చెప్పండి.

దగ్గర్లోనే తమగావా అనే ఇంకో ఆన్సెన్ ఉంది. 98 డిగ్రీల వేడితో ఉబికే ఊట, పీహెచ్ 1.2, అంటే ఘాటైన ఆమ్లం. చిన్న గీత ఉన్నా భగ్గున మండుతుంది. రోగాలు తగ్గుతాయని విని దానికి మనసు పడొద్దు, మీ పెద్దవాళ్లకు అది సరిపడదు.

తిండి దగ్గర మొహమాటం పనికిరాదు. జపాన్‌లో కూరగాయల వంటకం అన్నా దాని రసం చేపతో కాచిందే ఉంటుంది. ఎండబెట్టిన కత్సువో చేప పలకలతో చేసే 'దాషి' లేకుండా సూపు గానీ, ఉడికించిన కూర గానీ, నూడుల్స్ పులుసు గానీ దాదాపు ఉండదు. అందుకే వెజిటేరియన్ అన్న మాట సరిపోదు. చెక్-ఇన్ రోజు చెబితే అస్సలు కుదరదు. రోజూ ఇంతమందికి అని ముందే లెక్కేసి సరుకులు తెప్పించే వంటగది అది. బుక్ చేసేటప్పుడే ఇలా రాయండి, ఫోన్‌లో అయితే ఇలాగే చదవండి: "నికు, సకానా, కత్సువో నో దాషి వా తబెరారెమసేన్. తమాగో తో గ్యూన్యూ వా దైజోబు దెసు." మాంసం, చేప, కత్సువో దాషి తినలేం, గుడ్డు పాలు పర్వాలేదు అని అర్థం. గుడ్డు కూడా తినకపోతే తమాగోను మొదటి వాక్యంలోకి మార్చండి. వాళ్లు కుదరదని చెప్తే కోపం తెచ్చుకోవద్దు. చేస్తామని చెప్పి చేప రసం పోసే చోటు కంటే కాదని ముందే చెప్పే చోటే నయం.

ఎలాగైనా అన్నం దొరుకుతుంది, అకితా బియ్యానికి మంచి పేరు. పొగబెట్టిన ముల్లంగితో చేసే 'ఇబురి-గక్కో' అనే ఊరగాయ ఇక్కడి ప్రత్యేకత. అమ్మగారికి అది నచ్చితే అన్నంలోకి ఇంకేమీ అడగరు. కందిపొడి, కారప్పొడి, చిన్న నెయ్యి డబ్బా తెచ్చుకోండి. కరివేపాకు, పండ్ల లాంటి పచ్చి సరుకు తనిఖీ సర్టిఫికెట్ లేకుండా జపాన్‌లోకి రానివ్వరు, మాంసం పచ్చళ్లు అసలే వద్దు. నేలంతా చాప పరిచిన జపాన్ గదిలో ఆవకాయ సీసా తెరిచేముందు ఒకసారి ఆలోచించండి. నూనె మరక చాపకు పట్టిందంటే వదలదు.

ఉల్లి వెల్లుల్లి కూడా తినని నిష్ఠ అయితే ఈ ఊరు మానేసి కోయాసాన్ వెళ్లమంటాను. ఒసాకా నుంచి రైల్లో వెళ్లొచ్చు. అక్కడి మఠాల్లో బస, చేప దాషికి బదులు సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాచిన రసంతో శుద్ధ శాకాహారం. ఫుకుచి-ఇన్ అనే మఠంలో ఆన్సెన్ కూడా ఉంది. దేవదారు లాంటి పెద్ద చెట్ల మధ్య ఊరు. ప్రశాంతతకు లోటు లేదు గానీ, బహిరంగ గుండంలో కూర్చుని అడవిని చూసే ఆనందం న్యూతోలో ఉన్నట్టు ఉండదు.

ప్రయాణం తేలికే. టోక్యో నుంచి కొమాచి అనే ఎర్ర షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) దాదాపు మూడు గంటల్లో తాజావాకోకు తెస్తుంది. అన్నీ రిజర్వుడ్ సీట్లే, టికెట్ ముందే తీసుకోవాలి. మొరియోకా దాకా గంటకు 320 కిలోమీటర్లు పరిగెత్తిన రైలు, అక్కడి నుంచి మామూలు పట్టాల మీద, లెవెల్ క్రాసింగులు దాటుకుంటూ కొండలోయలో మెల్లగా పోతుంది. ఆ ముక్క దూరం పెద్దవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. స్టేషన్ నుంచి బస్సు ముప్పావు గంట పైచిలుకు. సాయంత్రం బస్సులు పెందలాడే ఆగిపోతాయి. చాలా సత్రాల్లో రాత్రి భోజనం ఆరు గంటలకల్లా మొదలవుతుంది, ఆలస్యమైతే మనకోసం మళ్లీ వండరు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య చేరేలా చూసుకోండి.

జేఆర్ పాస్ (జపాన్ రైళ్లలో కొన్ని రోజులపాటు ఎన్నిసార్లైనా తిరగనిచ్చే టికెట్) కొనేముందు లెక్క వేయండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. ఒక్క తాజావాకో రానుపోను కోసమైతే దండగ. అదే ఏడు రోజుల్లో క్యోటో కూడా వెళ్లొస్తే గిట్టుబాటు కావచ్చు. బస ధరలు చూసేటప్పుడు ఒక మాట, రెండు పూటల భోజనంతో చెప్పే రేటు గదికి కాదు, మనిషికి. నలుగురికీ హెచ్చవేసుకోండి, దానికి తోడు తలా కొద్దిపాటి స్నానపు పన్ను ఉంటుంది. చేతిలో నగదు ఉంచుకోండి.

పెద్ద సూట్‌కేసులు కొండ మీదకు మోయొద్దు. టోక్యో హోటల్ కౌంటర్‌లోనే కొరియర్‌కు ఇచ్చేస్తే మీ తర్వాతి ఊరి హోటల్‌కు చేరతాయి. 'తక్యూబిన్' అంటే చాలు. రెండు రోజుల బట్టలు, మందులు, పొడుల డబ్బా ఒక చిన్న బ్యాగులో తెచ్చుకోండి. అక్టోబరు రాత్రులు బాగా చలి, నాన్నగారికి స్వెట్టరు, మేజోళ్లు మర్చిపోకండి.

అడవిలో రెండు జాగ్రత్తలు. ఎలుగుబంట్లు నిజంగానే ఉన్నాయి. 2025 నవంబరులో అకితాలో వాటి బెడద ముదిరి బోనులు పెట్టడానికి సైన్యం సాయం తీసుకోవాల్సి వచ్చింది. తెల్లవారుజామున, మసక చీకట్లో కాలిబాటల మీదకు పోవద్దు. పగలు కూడా బ్యాగుకు గంట కట్టుకుని, నలుగురూ మాట్లాడుకుంటూ నడవండి. దారి మూశామని సత్రంవాళ్లు చెబితే వాదించొద్దు. ఇక ఆవిరి పొగలు చిమ్మేచోట తాడు కట్టి బోర్డు పెడతారు, ఫొటో కోసం దాన్ని దాటొద్దు. 2005 డిసెంబరులో ఇదే అకితాలో, దోరోయు ఆన్సెన్ దగ్గర మంచు గుంటలో పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ పీల్చి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. వాసన వస్తోంది కదా, తెలిసిపోతుందిలే అనుకోవడానికి లేదు. ఆ వాయువు ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది.

తేదీలు శని, ఆదివారాలు తగలకుండా చూడండి. అక్టోబరు రెండో సోమవారం జపాన్‌లో సెలవు, ఆ వారాంతం అసలు వద్దు. ఆకుల రంగు కోసమైతే నెల మధ్య నుంచి చివరి లోపు. గది ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాత మిగతా ఊళ్లను దాని చుట్టూ సర్దుకోండి. టోక్యోలో హోటల్ ఎప్పుడైనా దొరుకుతుంది, ఇక్కడ దొరకదు.